మా వీధి ఎలా అంటుకుంది

పందొమ్మిది వందల ముప్పయిల్లో ఏలూరులో మేము కాపురమున్న వీధిలో అన్నీ తాటాకు ఇళ్ళే. ఒక ఇంటి చూరు పక్కింటి చూరుకు తగులుతూ ఉండేది. వాన పడితే రెండిళ్ళ నీళ్ళూ ఒకే చోట కారేవి. మా ఆయన జనపనార మిల్లులో ఫిట్టరు. నేను మిషను ఆడపిల్లల బడిలో ఒకటో తరగతికి చెప్పేదాన్ని. ఇంట్లో మేమిద్దరం కాక మా అత్తగారు, ఆవిడ మేక. మాకింకా పిల్లలు లేరు. వీధిలో చాలావరకు మా చర్చి కుటుంబాలే. మగవాళ్ళు మిల్లుకో, కూలికో పోయేవారు.

వేసవి వచ్చిందంటే ఊళ్ళో ఎక్కడో ఒకచోట ఇళ్ళు కాలేవి. దాన్ని ఎవరూ వింతగా చూసేవారు కాదు. నాలుగు రోజులు బడికి రాని పిల్ల తిరిగొచ్చి, జ్వరం వచ్చిందని చెప్పినట్టే, "మా ఇల్లు కాలిపోయిందండీ" అనేది. ఎలా అంటుకుందమ్మా అంటే ప్రతి ఇంటికీ ఒక జవాబు ఉండేది. పెళ్ళి ఊరేగింపులో కాల్చిన చిచ్చుబుడ్డి రవ్వ కప్పు మీద పడిందనేవారు. పిల్లి కిరసనాయిలు బుడ్డిని తన్నేసిందనేవారు. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేస్తుంటే గాలి లాక్కుపోయిందనేవారు. గిట్టనివాళ్ళు పెట్టారని కూడా అనేవారు, ఆ మాట కాస్త గొంతు తగ్గించి. ఎలా అంటుకుందని అందరూ అడిగేవారు. ఒక్క రవ్వకి వీధి మొత్తం ఎలా పోతుందని అడిగినవాళ్ళని నేను చూడలేదు. నేనూ అడగలేదు.

నేను పుట్టింది కొల్లేటి లంకలో. ఎండాకాలం సరస్సు వెనక్కి తీశాక, ఎండిపోయిన జమ్ము దుబ్బులకి మా నాన్న, చిన్నాన్నలు తామే నిప్పు పెట్టేవారు, పశువులకి లేత గడ్డి వస్తుందని. గాలి ఎటుందో చూసుకుని పెట్టి, ఆరిపోయేదాకా చుట్టూ నిలబడేవారు. దూరంగా మరో లంకలో కూడా అలాగే పొగ లేస్తూ కనిపించేది. మంటంటే చిన్నప్పుడు నాకు పెద్దవాళ్ళు చేసే పనుల్లో ఒక పని. వల వెయ్యడంలాగా, పడవ అడుక్కి నీరు చొరకుండా కీలు రాయడంలాగా. ఎవరూ పెట్టకుండా, ఎవరూ చూడకుండా అది వస్తుందని ఏలూరు కాపురానికి వచ్చాకే తెలిసింది.

మా వీధి అంటుకున్న సంవత్సరం కాలువలు మామూలు కన్నా ముందే కట్టేశారు. పూడిక తియ్యడానికి ఏటా కట్టేసేవే. మళ్ళీ నీళ్ళు వదిలేదాకా మా వీధికి కాలువ అడుగున తవ్వుకున్న చెలమలే గతి. ఇసకలో గుంట తవ్వితే కొంచెం కొంచెంగా నీరు ఊరుతుంది. కొబ్బరి చిప్పతో తోడి బిందెలో పోసుకోవాలి. ఒక్క బిందె నిండేసరికి నడుం పట్టేసేది. ఆ నీళ్ళు తాగడానికీ, వండడానికీ సరిపోతే చాలనుకునేవాళ్ళం. వీధి మొగలో ఒక నుయ్యి ఉంది గాని, ఆ రోజుల్లో చేద వేస్తే బురద వచ్చేది.

బడికి సెలవులు. ఒక రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక నేనూ మా అత్తగారూ చెలమ దగ్గరికి వెళ్ళాం. ఆవిడకి అడ్డపొగ అలవాటు, చుట్టని నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని కాల్చడం. మా వైపు పెద్దవయసు ఆడవాళ్ళు చాలామందికి ఆ అలవాటు ఉండేది. ఆవిడ చుట్ట నోట్లో ఉంచుకునే మాట్లాడేది, చర్చి కీర్తనలు కూనిరాగం తీసేది, నన్ను కోప్పడేది. ఆ రోజు నేను నీళ్ళు తోడుతుంటే గట్టు నీడన కూర్చుని, "అంత అడుగుకంటా గీకకే, బురదొస్తది" అంటోంది. పడమటి గాలి సెగలా కొడుతోంది. ఆవిడ తలెత్తి మా ఇళ్ళవైపు చూసింది.

"అమ్మాయ్, ఆ పొగేవిటే?"

నేను లేచి చూశాను. పొగ మా వీధి పడమటి కొసన లేచింది. వంటపొగ కాదు, నల్లగా, లావుగా ఉంది. ఆవిడ చుట్ట తీసి ఇసకలో గుచ్చింది. బిందెలు అక్కడే వదిలేసి ఇద్దరం పరుగెత్తాం.

మేము వెళ్ళేసరికి పడమటి కొసన ఇళ్ళు మూడు నాలుగు మండుతున్నాయి. కప్పుల్లో వెదుళ్ళు పేలుతున్నాయి. తాటాకు తునకలు మండుతూనే పైకి లేచి, గాలిలో కొంత దూరం వెళ్ళి, ఇంకో కప్పు మీద దిగుతున్నాయి. దిగిన చోట ముందు ఏమీ ఉండదు. చూస్తూ ఉంటే సన్నగా పొగ వస్తుంది. అంతలోనే మంట. మగవాళ్ళు లేరు. ఆడవాళ్ళు ఇళ్ళల్లోంచి సామాను వీధిలోకి విసురుతున్నారు. నేను లోపలికి వెళ్ళి చింతపండు నానేసిన గిన్నె పట్టుకుని బయటికి వచ్చాను. ఆ గిన్నె పక్కనే నా ట్రంకు పెట్టె ఉంది. పెళ్ళిచీర, ట్రెయినింగు సర్టిఫికెట్లు అందులోనే ఉన్నాయి. నేను గిన్నె తెచ్చాను, తొణక్కుండా జాగ్రత్తగా.

మా అత్తగారు గుమ్మంలో నిలబడి, "మేకని కట్టేసుంచానే" అంది.

మేక వెనక వసారాలో ఉంది. పక్క సందులోంచి వెళ్ళే వీలు లేదు, ఆ చూరు అప్పటికే అంటుకుంది. ఇంట్లోంచే వెళ్ళాలి. "వద్దత్తయ్యా" అని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి కప్పు ఒక పక్కకి ఒరిగి దిగిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. గడ్డిమోపు దించినట్టు దిగింది.

పక్క వీధిలోంచి వచ్చిన కూలివాళ్ళెవరో గోనెపట్టాలు కప్పుకుని, వెనక తడిక విరగ్గొట్టుకుని వెళ్ళి ఆవిడని బయటికి తెచ్చారు. మంచం మీద ఆస్పత్రికి మోశారు. అక్కడ అరిటాకుల మీద పడుకోబెట్టారు. మా ఆయన మిల్లునుంచి వచ్చేసరికి సాయంత్రమైంది. ఆయన తల్లి పక్కన నేల మీద కూర్చున్నారు. ఆవిడకి తెలివి ఉంది.

"మేక బయటికొచ్చిందా?" అని అడిగింది.

"వచ్చిందత్తయ్యా" అన్నాను.

"తాడు కోసేశాన్లే."

మర్నాడు పొద్దున ఆవిడ పోయింది. తాడు నిజంగానే కోసింది. ఒక చెవి కమిలిపోయిన మేక వీధుల్లో తిరుగుతుంటే, తరవాత ఎవరో పట్టుకొచ్చి ఇచ్చారు.

సమాధి చేసేటప్పుడు నాకు ఏడుపు రాలేదు. "ఏడవ్వే తల్లీ, లోపల ఉంచుకోకూడదు" అని ఆడవాళ్ళు నా భుజం పట్టుకుని ఊపారు. వాళ్ళ ఇళ్ళూ పోయాయి, వాళ్ళూ ఏడుస్తున్నారు. చర్చి అయ్యగారు ప్రార్థన చేస్తుంటే నేను ఆయన బూటుకి అంటిన మట్టి చూస్తూ నిలబడ్డాను. మట్టి ఎర్రగా ఉంది. ఇక్కడ ఎర్రమట్టి ఎక్కడిదా అని ఆలోచించాను. మెట్టవైపు ఊళ్ళకి వెళ్ళి వచ్చి ఉంటారు అనుకున్నాను. ఆ రోజు నేను ఆలోచించింది అంతే.

ఇళ్ళు పోయినవాళ్ళందరికీ బడి గదులు ఇచ్చారు. మాకు వచ్చింది నేను పాఠం చెప్పే గదే. నల్లబల్ల మీద సెలవుల ముందు నేను రాసిన అక్షరాలు అలాగే ఉన్నాయి. వాటి కింద పడుకునేవాళ్ళం. ఉదయం లేచి ఆ గది ఊడ్చేదాన్ని. బూడిద వాసన జుట్టులోంచి పోయేది కాదు.

కొన్నాళ్ళకి మునిసిపాలిటీ నుంచి ఓవర్సీరుగారు విచారణకి వచ్చారు. బూడిదలో ఎవరో ఒక స్టూలు వేస్తే దాని మీద కూర్చున్నారు. వీధివాళ్ళందరం చుట్టూ నిలబడ్డాం. ఆయన మంచివాడే. నెమ్మదిగా అడిగారు.

"ఎలా అంటుకుందో ఎవరైనా చెప్పగలరా?"

మా వీధి పెద్ద, చర్చిలో కానుకల సంచీ పట్టే ఆయన, "ఏవుందండీ, చుట్టండీ. ఈ అబ్బాయి తల్లికి అడ్డపొగ అలవాటండీ. నిప్పు ఎక్కడో పడేసుంటుందండీ" అన్నారు.

"అవునండీ" అంది ఒకామె. ఇంకొకరు తల ఊపారు. అందరూ తలలు ఊపారు. ఎవరి మొహంలోనూ కోపం లేదు. నిజం చెప్పాలంటే ఒక తెరిపి ఉంది. పోయినావిడే కారణమైతే ఇక ఎవరూ ఎవరివైపూ చూడక్కర్లేదు. మా ఆయన తల వంచుకుని, "తప్పయిపోయిందండీ, మా అమ్మ తరపున అందరినీ క్షమాపణ అడుగుతున్నానండీ" అన్నారు.

"కాదండీ" అన్నాను నేను.

ఆ మాట అనాలని ముందుగా అనుకోలేదు. పిల్లలు లెక్క తప్పు చెబితే కాదమ్మా అని అలవాటుగా అనేస్తామే, అలా వచ్చింది.

"ఆవిడ నాతో చెలమ దగ్గర ఉన్నారండీ. చుట్ట ఆవిడ నోట్లోనే ఉందండీ. అక్కణ్ణుంచే పొగ చూశారు. పొగ మొదట లేచింది పడమటి కొసనండీ. మా ఇల్లు నడిమధ్యనండీ. గాలి పడమటినుంచి కొడుతోంది. మా ఇంటి నిప్పు గాలికి ఎదురు పోదు కదండీ."

ఓవర్సీరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పడమటి కొసన ఎవరింట్లోనమ్మా?"

"అది నాకు తెలియదండీ."

నాకు నిజంగానే తెలియదు. కాని ఆ కొసన ఉన్నవి మూడు నాలుగు ఇళ్ళే. ఆ ఇళ్ళవాళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఎవరూ నావైపు చూడలేదు. మిగిలినవాళ్ళు మాత్రం వాళ్ళవైపు చూడడం మొదలుపెట్టారు. వీధి పెద్ద, "పోయినామె ఎలాగూ పోయింది. బతికున్నవాళ్ళని ఎందుకమ్మా లాగుతావు?" అన్నారు. ఓవర్సీరుగారు లేచి, "చూద్దాం" అన్నారు. చివరికి ఆయన ఏం తేల్చారో మాకు తెలియలేదు. అడగడానికి ఎవరూ వెళ్ళలేదు.

ఆ సాయంత్రం మా ఆయన బడి మెట్ల మీద కూర్చుని, "ఎందుకు చెప్పావు?" అన్నారు.

"ఆవిడ కాదు కాబట్టి."

"అమ్మ మీద ఉండిపోతే ఏవైపోయేది? అమ్మకి ఇప్పుడు సిగ్గా, బాధా? రేపు వీళ్ళందరి మధ్యా మనం బతకాలి."

"ఆవిడ నోట్లోనే ఉందండీ చుట్ట" అన్నాను మళ్ళీ.

"నువ్వు చెప్పేది నిజమేలే" అన్నారు ఆయన. నమ్మి అన్నారో, మాట ఆపడానికి అన్నారో తెలియలేదు. ఆ తరవాత కొన్నేళ్ళపాటు మేము ఆ సంగతి మాట్లాడుకోలేదు.

కాలువలకి నీళ్ళు వదిలాక మా నాన్న పడవ నిండా జమ్ము వేసుకుని కొల్లేటినుంచి వచ్చాడు. ఇళ్ళు మళ్ళీ కట్టుకోవాలి. పెంకు వేసే స్తోమత ఎవరికీ లేదు. పోయిన కప్పులు దేంతో వేశారో దాంతోనే మళ్ళీ వేస్తున్నారు, తాటాకు, జమ్ము, వెదురు. నాన్న మోపులు గట్టుకి దించి, వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచి వచ్చాడు.

"కొల్లేట్లో మంట మీదికొస్తే నీళ్ళలోకి దూకుతాం. వీళ్ళెక్కడికి దూకుతారే?" అన్నాడు.

"ఎక్కడికీ లేదు నాన్నా."

"మరి కాలువ కట్టేసే ముందు బానల్లో నీళ్ళు నిలవ చేసుకోరా?"

"చేసుకుంటారు. అయిపోతాయి."

నాన్న మోపులు విప్పాడు. అన్ని ఇళ్ళకీ తలా కాస్త జమ్ము పంచిపెట్టాడు, పడమటి కొస వాళ్ళకి కూడా. మా ఇంటి కప్పు తనే కట్టాడు. నేను కింద నిలబడి మోపులు అందించాను. కొత్త జమ్ము పచ్చివాసన వేసింది. చిన్నప్పుడు ఆ వాసన నాకు ఇష్టం. అప్పుడు ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. అందిస్తూ ఉన్నాను.

వీధిలో నాతో మాటలు తగ్గాయి. ఎవరూ తగువు పడలేదు. కాలువ రేవు దగ్గరికి వెళితే జరిగి చోటిచ్చేవారు, పలకరించేవారు కాదు. ఆ ఏడు గడిచాక మా ఆయనకి తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లులో పని దొరికింది. స్టేషనుకి దగ్గరగా పెంకుటింట్లో ఒక వాటా తీసుకున్నాం. నాకూ అక్కడ బడిలో ఉద్యోగం వచ్చింది. మేకని నాన్న తీసుకెళ్ళాడు. మా అబ్బాయి అక్కడే పుట్టాడు.

గూడెంలో నిప్పు ఇంకో రకంగా వచ్చేది. రైలు ఇంజను రవ్వలకి పట్టాల పక్కన గడ్డివాములు అంటుకునేవి. రైలుని ఎవరూ ఏమీ అనేవారు కాదు. వాము అంత దగ్గరగా వేసినవాణ్ణి తిట్టేవారు. ఒకసారి మిల్లు వెనక ఊకరాశి అంటుకుంది. పైకి మంట కనబడదు, లోపల్లోపల రోజుల తరబడి కాలుతుంది. దాన్ని చూడ్డానికి జనం వెళ్ళేవారు. నేను వెళ్ళలేదు. భయమని కాదు. చూడాలనిపించలేదు. నా పొయ్యిలో నిప్పు మాత్రం వంట అవ్వగానే నీళ్ళు పోసి ఆర్పేదాన్ని. బూడిద చెయ్యి పెట్టి చూశాకే బయట పోసేదాన్ని. మా అబ్బాయి కూడా చూసి అలాగే చెయ్యి పెట్టేవాడు.

ఒక ఆదివారం చర్చినుంచి ఇంటికి వచ్చేసరికి అరుగు మీద ఒకామె కూర్చుని ఉంది. ఏలూరు వీధిలో పడమటి కొస ఇంటామె. నాకన్నా కొంచెం పెద్దది. నేను వదినా అనేదాన్ని. కూతురికి సంబంధం చూడ్డానికి ఇటు వచ్చిందట. మంచినీళ్ళు ఇచ్చాను. తాగి గ్లాసు చేతిలోనే ఉంచుకుంది. మా ఆయన ఇంట్లో లేరు, అది చూసుకునే మాట్లాడింది.

"వదినా, ఆ రోజు పొద్దున నేను వడ్లు ఉడకేశాను."

నేను వింటూ నిలబడ్డాను.

"పెద్ద పొయ్యి. బానలో నిలవ నీళ్ళు దానికే అయిపోయాయి. బూడిద చాలా వచ్చింది. ఇంట్లో ఉక్కగా ఉందని బూడిద తీసేసి దొడ్లో తడిక పక్కన పోశాను. నిప్పుంటుందని తెలుసు. నీళ్ళు చల్లాలని తెలుసు. కాని బిందెడు నీళ్ళకి చెలమ దగ్గర ఎంతసేపు కూర్చోవాలో నీకూ తెలుసు కదా. తాగే నీళ్ళు బూడిద మీద పొయ్యడానికి చెయ్యి రాలేదమ్మా. మధ్యాహ్నం గాలి లేచింది. ముందు తడిక అంటుకుంది. నేను చూశాను వదినా. నా కళ్ళతో చూశాను."

గ్లాసు కింద పెట్టి ఏడ్చింది. "ఆ రోజు ఓవర్సీరుగారి ముందు నువ్వు పడమటి కొస అంటే నీవైపు చూడలేకపోయాను. నా పేరు చెప్పేస్తావనుకున్నాను."

"నాకు తెలియదు కదా వదినా" అన్నాను.

కోపం రావాలి అనుకున్నాను. వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆవిడ చెబుతున్నంతసేపూ నాకు ఆ రోజు చెలమలో ఊరిన నీళ్ళే కనిపించాయి, చిప్పకి రెండు గుక్కలు. ఆ నీళ్ళు ఆవిడైనా, మేమైనా, ఎవరు మాత్రం బూడిద మీద పోస్తారు? మా అత్తగారూ పోసేది కాదు. ఏ దొడ్లో ఏ రోజు గాలి లేచిందన్నదే తేడా. ఈ ఆలోచన నాకు ఓదార్పుగా వచ్చింది కాదు. ఊరికే వచ్చింది. "అన్నం తిని వెళ్ళు" అన్నాను. తింది. వెళ్ళేముందు, "అన్నయ్యగారితో చెబుతావా?" అని అడిగింది.

"చెబుతాను. దాచలేను."

"చెప్పు" అంది.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చారు. "అయితే అమ్మ కాదన్నమాట" అన్నారు. నేను అన్నేళ్ళ కిందట చెప్పిన మాట ఆయన నమ్మలేదని అప్పుడు తెలిసింది. అది కూడా నాకు నొప్పి అనిపించలేదు.

తరవాతి ఆదివారం ఆయన పొద్దుటి బండికి ఏలూరు వెళ్ళారు. చర్చిలో ఒక్కొక్కరూ తమ అనుభవాలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డారట. "మన వీధి కాలిన రోజు మా అమ్మ చుట్టవల్ల అంటుకుందని మీరందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. అందరి ముందూ క్షమాపణ అడిగాను. మా అమ్మ కాదు. ఆ రోజు మా ఆవిడ చెప్పిందే నిజం. మా అమ్మని అనుమానించినందుకు ఇవాళ దేవుణ్ణి క్షమాపణ అడుగుతున్నాను" అని చెప్పి కూర్చున్నారట. మరి ఎవరు అని వెనకనుంచి ఒకరు అడిగితే, "ఎవరూ కాదండీ, నీళ్ళు లేవు" అన్నారట. వీధి పెద్ద అప్పటికి ముసలాయన అయిపోయారు. బయటికి వచ్చాక మా ఆయన చెయ్యి పట్టుకుని, "బాబూ, ఆ మాట మొదట అన్నది నేనే. అందరూ ఒకరినొకరు పీక్కుతింటారని భయపడి అన్నాను" అన్నారట.

ఇదంతా ఆయన రాత్రి బండికి తిరిగొచ్చినప్పుడు చెప్పలేదు. మర్నాడు పొద్దున మిల్లుకి బయలుదేరుతూ, చెప్పులు వేసుకుంటూ చెప్పారు.

"భోజనం ఎక్కడ చేశారు?" అని అడిగాను.

"పడమటి కొస ఆవిడే పిలిచి పెట్టింది. దగ్గర కూర్చుని వడ్డించింది."

"ఏం కూర?"

"వంకాయ" అన్నారు. కాస్త ఆగి, "ఉప్పు తక్కువైంది. అడిగితే బాధపడుతుందేమోనని అడగలేదు" అని మిల్లుకి వెళ్ళిపోయారు. నేను బడికి తయారవ్వడానికి లోపలికి వెళ్ళాను.